రాజులమ్మ పలకని పేరు

"మూడు కాగితాల్లో పదకొండు అబద్ధాలు," అన్నాడు ప్లీడరు మల్లేశ్వరరావు.

గౌరీశ్వరి టైపు మిషను ముందు నుంచి దిగ్గున లేచింది. ఆయన కాగితాల కట్టని అటుకుల బస్తా మీద పడేశాడు. నిన్న సాయంత్రం ఎంత ముచ్చటగా దారం కట్టి పంపిందో ఆ కట్టే. పై మూడు కాగితాల నిండా ఎర్ర పెన్సిలు సున్నాలు.

"నానబద్ధం కొట్టలేదు బాబూ! రాజులమ్మ మాటలే కొట్టేను."

"అయితే విను."

ఆయన టేపు మిషను మీట నొక్కాడు. రెండు చక్రాలూ కదిలాయి. ఎక్కడో రామనగుడలో, తన ఇంటి అరుగు మీద కూర్చుని చెప్పిన ముసలమ్మ గొంతు, ఇక్కడ రాయగడలో జగ్గారావు అటుకుల దుకాణం వెనక గదిలో ఖంగుమంది.

"ఆ గెడ్డ కింద మడి మా సన్యాసి అయ్యే సేసేరు బాబూ. ఆరే రాళ్లేరేరు, ఆరే గట్లేసేరు..."

ప్లీడరు మీట ఆపి కాగితం అందుకున్నాడు. "నువ్వేం కొట్టావు? ‘ఆ గెడ్డ కింద మడి ఎర్రయ్యే సేసేరు. ఎర్రయ్యే రాళ్లేరేరు.’ ఎర్రయ్య అన్న మాట నీకు ఎక్కడ వినిపించింది?"

గౌరీశ్వరికి నవ్వొచ్చింది. ఇంత చదువుకున్న మనిషికి ఇదీ తెలీదా! "సన్యాసి అయ్యంటే ఎర్రయ్యే గద బాబూ. రామనగుడలో పసిగుంటనడిగినా సెప్తాది. ముసిల్ది మొగుడి పేరు పలకదు, కొడుకు సన్యాసి పేరెట్టి ఆడి అయ్యంటాది. మాలో ఎవరూ పలకరు. కోరాపుట్‌లో ఆఫీసరు బాబుకి ఈ సంగతి తెలీదు గదాని నానే యేసేను."

"నువ్వే వేశావు."

"అవును బాబూ."

"మంగళవారం విచారణ. ఊళ్ల శిస్తు వసూలు చేసుకుంటూ మడీ తనదేనంటున్న ముఠాదారు తరఫు ప్లీడరు ఇదే టేపు పెట్టించి, నీ కాగితం చేత్తో పట్టుకుని ఒక్కొక్క మాటా వింటాడు. ఒక్కచోట తేడా వస్తే చాలు. ‘ఇది ముసలమ్మ చెప్పింది కాదు, వీళ్లు వండి వార్చింది’ అంటాడు. అంతే. వాగు కింద మడి ముఠాదారుకి, చిప్ప రాజులమ్మకి."

గౌరీశ్వరి నవ్వు ఆగిపోయింది.

"మరి ఎర్రయ్య పేరు ఆఫీసరుకెలా తెలుస్తాది బాబూ?"

"పట్టాలో ఉంది. అది చూపించుకోవడం నా పని. విన్నది కొట్టడం నీ పని. ఆవిడ నోట్లో నువ్వు మాట పెట్టకు. మంచి మాటైనా పెట్టకు."

చదువుకున్నవాళ్లకి ఒక జబ్బుంది. పేదవాడు నోరు విప్పితే సరిదిద్దకుండా ఉండలేరు. గౌరీశ్వరి చదివింది ఎనిమిదో తరగతి. ఆపైన టైపు పరీక్ష పాసయింది. ఆ పాటి చదువుకే జబ్బు అంటుకుంది.

"ఇంకో సంగతి," అన్నాడు ప్లీడరు చెప్పుల్లో కాళ్లు పెడుతూ. "అరగంట టేపుకి మూడు రోజులు పట్టింది నీకు. పరీక్షలో నిమిషానికి ముప్పై మాటలన్నావు. ఏమయ్యాయవి?"

ఆమె తల వంచుకుంది.

"ఇంకా పద్దెనిమిది మంది రైతుల టేపులున్నాయి. రేపు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వస్తాను. మొత్తం మళ్లీ కొట్టి, ఒక్క తేడా లేకుండా ఉంచు. ఉంటే ఆ పద్దెనిమిదీ నీవే. లేదంటే బరంపురంలో మనిషిని చూసుకుంటాను. నీ మీద కోపం కాదమ్మాయ్. రైతుల ముందు తలెత్తుకోవాలి నేను."

ఆయన వెళ్లిపోయాడు. శనివారం, పొద్దున్న తొమ్మిది గంటలు.

*

ప్లీడరు గుమ్మం దిగాడో లేదో, మేనమామ జగ్గారావు దుకాణంలోంచి లోపలికొచ్చాడు. చేతిలో తక్కెడ గిన్నె అలాగే ఉంది.

"అయిపోయింది గదా? ఇంక ఆ రెండు మిషన్లూ రిక్షా ఎక్కించీ."

"రేపు సాయంత్రం దాకా ఉండనీ మావా."

"సోమవారం లక్ష్మణుడొస్తాడు. ఎవడనుకున్నావు? ముఠాదారు దివాణంలో పెద్ద గుమాస్తా. పండక్కి అటుకులన్నీ మన కాడే తీస్తారు. ఆడు బయట నిలబడి అటుకులు నములుతుంటే లోపల రాజులమ్మ ఆళ్లనే తిడుతుంటాది. ఏటి సెప్పమంటావు నన్ను?"

"రాజులమ్మ తిట్టలేదు మావా. జరిగింది సెప్పింది."

"ఆ జరిగిందే నా దుకాణంలో వినపడకూడదంటన్నాను!"

వాకిట్లో చేట పట్టుకుని కూర్చున్న అమ్మమ్మ గున్నమ్మ అటే తలెత్తింది. డెబ్బయ్యేళ్ల మనిషి. ఈ దుకాణం ఆమె కాళ్ల మీద లేచింది. నలభై ఏళ్లు ఢెంకి తొక్కి అటుకులు కొట్టింది. ఢెంకి అంటే కాలితో తొక్కే పెద్ద రోకలి. ఇప్పుడు అటుకుల మర వచ్చి ఢెంకి మూలపడింది గాని, ఆమె నోరు మూలపడలేదు.

"ఒరే జగ్గడా! రేపు సాయంత్రం దాకా అంటే లక్ష్మణుడికీ నీకూ మధ్య ఒక రాత్రి ఉంది గదరా. ఎందుకలా వణికిపోతావు?"

"నువ్వూరుకోయే అమ్మా. నీకు తెలీదు."

"తెలీదు కాబట్టే అడుగుతున్నాను. ఆ గొంతు మోగిందంటే సాలు, నువ్వు దుకాణంలోకి పారిపోతావు. మూడ్రోజుల్నుంచి సూస్తన్నాను. రాజులు నీకేటి పాపం సేసింది?"

జగ్గారావు తక్కెడ గిన్నెని చొక్కా అంచుతో తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది. మళ్లీ తుడిచాడు.

"రేపు దీపాల వేళ," అన్నాడు చివరికి. "ఆ తర్వాత నిమిషం ఉండకూడదు."

*

గౌరీశ్వరి కొత్త కాగితాలు, మధ్యలో మసికాగితాలు పెట్టి మిషనుకి ఎక్కించింది. కోపంగా ఉంది ఆమెకి. ప్లీడరు మీద కాదు, తన వేళ్ల మీద.

టైపు నేర్పిన మాస్టారు ఒకటే చెప్పేవాడు: కళ్లు కాగితం మీద, వేళ్లు మీటల మీద. మీటల మీద తుండుగుడ్డ కప్పి మరీ కొట్టించేవాడు. అలాగే నేర్చుకుంది. కానీ ఇక్కడ చూసి కొట్టడానికి కాగితమే లేదు. చెవిలో పడుతుంది, చేత్తో రావాలి. టేపు గుక్క తిప్పుకోదు. మూడు మాటలు కొట్టేసరికి రాజులమ్మ పది మాటలు ముందుంటుంది. కుడిచేత్తో టేపు ఆపాలి. ఆ చెయ్యి మళ్లీ మీటల మీదికి వచ్చేసరికి ఒక వరస పక్కకి దిగుతుంది. ‘మడి’ కొట్టబోతే ఇంకేదో పడుతుంది. రబ్బరుతో చెరపాలి, నాలుగు ప్రతుల్లోనూ చెరపాలి. ఈలోగా ముసలమ్మ ఏమందో మర్చిపోయేది. మర్చిపోయిన చోట తనకి తోచింది వేసేది. వెనక్కి తిప్పి వినే ఓపిక ఉండేది కాదు.

ఇదీ ముప్పై మాటల కథ.

గంటసేపు కొట్టింది. ఒక కాగితం కూడా కాలేదు. ముఖం తుడుచుకుంటుంటే గుమ్మంలో గున్నమ్మ కనిపించింది.

"ఏటే అమ్మీ, ఆ కుడిసెయ్యి మాటిమాటికీ అలా ఎగిరిపోతోంది? కోడిని తోలుతున్నావా?"

"టేపు ఆపాలి గదా అమ్మమ్మా."

"నీకో సెయ్యి తక్కువైంది." గున్నమ్మ నడుము పట్టుకుని నెమ్మదిగా వచ్చి బస్తా మీద కూర్చుంది. "ఢెంకి కాడ తొక్కేది ఒకర్తి. గుంటలో సెయ్యి పెట్టి ధాన్యం తిప్పేది ఇంకోర్తి. రోకలి లేచినప్పుడే సెయ్యెళ్లాలి. ఒకర్తే రెండూ సేస్తానంటే ఏళ్లు నలిగిపోతాయి. ఏదీ, ఏ మీట నొక్కాలో సూపించు."

"నీకు సదువు రాదు గదా!"

"మీటకి సదువెందుకే? అది సదువుతుందా?"

చూపించింది. గున్నమ్మ బొటనవేలితో మీట నొక్కింది. చక్రాలు తిరగ్గానే చిన్నపిల్లలా ఉలిక్కిపడి నవ్వింది.

మొదట్లో అంతా గందరగోళమే. ముసలమ్మ పనికొచ్చింది గాని, కథలో పడిపోయింది.

"...ఆ యేడు వానల్లేవు బాబూ," అంది టేపులో రాజులమ్మ.

"అవునే రాజులూ, మాకూ లేవు!" అంది గున్నమ్మ.

"అమ్మమ్మా! ఆపు!"

"మాటాడితే పలక్కపోతే ఏటనుకుంటాదే?"

"అది వినదే!"

"అది వినకపోయినా నాకు మర్యాద ఉండాలి గద."

గౌరీశ్వరికి నవ్వాగలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు. దుకాణంలో జగ్గారావు దగ్గు వినపడింది. నవ్వు మింగేసి మళ్లీ మొదలుపెట్టారు.

రెండో కాగితానికి గున్నమ్మ టేపు వైపు చూడటం మానేసింది. మనవరాలి వేళ్ల వైపే చూసింది. వేళ్లు ఆగగానే మీట నొక్కేది. నాలుగు మాటలు పడగానే తీసేసేది. ఎక్కడ తీయాలో ఎవరూ చెప్పలేదు. మాట తిరిగే చోట, గుక్క తీసుకునే చోట ఆమె బొటనవేలు దానంతటదే లేచేది. నలభై ఏళ్లు మరొకరి వేళ్లు నలక్కుండా కాచిన కాలు ఆమెది. ఆ లెక్క చేతికొచ్చింది.

గౌరీశ్వరి కూడా ఒకటి కనిపెట్టింది. టేపు తిరిగే చక్రాన్ని చూస్తే చెవి మొద్దుబారుతోంది. మనిషి ముఖం గుర్తొస్తే చెయ్యి ముందుకి పరుగెత్తుతోంది, చెప్పని మాటలు కూడా కొట్టేస్తోంది. అందుకని బల్లని గోడ వైపు తిప్పేసింది. ముందు సున్నం గోడ. ఇంకేమీ లేదు. నాలుగు మాటలు విను. అవి ఆగేదాకా వేలు కదపకు. ఆగాక కొట్టు. ఎవరి గురించో ఆలోచించకు. ‘మా సన్యాసి అయ్య’ అంటే మా సన్యాసి అయ్యే.

నిదానించిన కొద్దీ పని పరుగెత్తింది. మధ్యాహ్నానికి కాగితానికి అరగంట. సాయంత్రానికి ఇరవై నిమిషాలు. రబ్బరు బల్ల అంచునే ఉండిపోయింది. వత్తు మీట కొట్టినప్పుడు కాగితం కదలకుండా నిలబడటం, మామూలు అక్షరానికి ముందుకి జరగటం, వరస చివర గంట టింగుమనటం, ఈ చప్పుళ్లకి అమ్మమ్మ బొటనవేలు తాళం వేస్తున్నట్టే ఉంది. ఇంత హాయి గౌరీశ్వరికి పరీక్ష పాసయిన రోజున కూడా కలగలేదు.

చేతిపని చేసేవాళ్లకే తెలుసు ఈ హాయి. కూర్చుని తినేవాడికి ఎంత చెప్పినా ఎక్కదు.

"ఒలమ్మీ," అంది గున్నమ్మ ఆ సాయంత్రం వేళ్లు విరుచుకుంటూ. "ఆ పద్దెనిమిది మందికీ నేనే మీట. ప్లీడరుతో సెప్పు. నాకు జీతం వద్దు గాని, కుర్చీ కావాలి. బస్తా గుచ్చుకుంటోంది."

*

ఆదివారం మధ్యాహ్నానికి ఇక రెండు కాగితాలే మిగిలాయి. రాజులమ్మ కళ్లం సంగతికి వచ్చింది. ముఠాదారు మనుషులు పదేళ్ల కిందట ఆమె కుప్ప ఎత్తుకుపోయిన రోజు.

"...కుప్ప మీద సెయ్యేసేరు బాబూ. ఇది మాది, శిస్తు కట్టేసేం అన్నాను..."

టకటకా పడింది.

"...రసీదు సూపించేను. సింపేసేరు..."

పడింది.

"...ఆ యేళకి రాయగడ నుంచి అటుకులాయన బండి కట్టుకొని వచ్చున్నాడు, ధాన్యం కొనడానికి. రసీదు సింపడం ఆడు సూసేడు. నా పక్కనే నిలబడ్డాడు బాబూ. నోరిప్పనేదు. ఖాళీ బండి తోలుకొని ఎల్లిపోయేడు."

గున్నమ్మ బొటనవేలు లేచింది. మళ్లీ దిగలేదు.

గౌరీశ్వరి సున్నం గోడ వైపు చూస్తూ ఉండిపోయింది. మొదటిసారి కొట్టిన కాగితంలో ఈ మాటలు లేవు. అక్కడ ‘కళ్లంలో అందరూ ఉన్నారు’ అని ఉంది. చెయ్యి టేపుకీ మీటలకీ మధ్య ఎగిరిపోయినప్పుడు తప్పిపోయిన మాటలు ఇవి.

"ఆ యేడు," అంది గున్నమ్మ మెల్లిగా, "జగ్గడు రామనగుడకి ధాన్యానికి ఎల్లి వట్టి బండితో వచ్చేడు. ఇరుసు ఇరిగిందన్నాడు. నాలుగు దినాలు అన్నం సరిగ్గా తిన్లేదు. ఇరుసు కోసం ఇంత దిగులేటిరా అన్నాను నేను."

దుకాణంలో తక్కెడ చప్పుడు. ఎవరో ఒడియాలో బేరమాడుతున్నారు. జగ్గారావు గొంతు సరదాగా బదులు చెబుతోంది.

గౌరీశ్వరికి ఆ మనిషి ఎవరు? అయ్య పోయాక రామనగుడ నుంచి ఇంటికి తెచ్చుకున్నాడు. "ఆడపిల్లకి టైపేటి" అని ఊరంతా నవ్వినా ఇన్స్టిట్యూటుకి పంపాడు. ఒక్క వాక్యం. వదిలేస్తే ఏం పోతుంది? ముసలమ్మ మడి గురించి చెప్పిందంతా ఉంది కదా. బండి సంగతి లేకపోతే మడి మారిపోతుందా?

మారిపోదు. కానీ రసీదు చింపడం చూసిన మనిషి ఇంకెవరూ లేరు. ఆ సంగతి ఆమె మొత్తం టేపు ఒకసారి, ఇక్కడిదాకా రెండోసారి కొట్టి మరీ తెలుసుకుంది.

"అమ్మమ్మా," అంది. "ఏటి సెయ్యమంటావు?"

గున్నమ్మ కళ్లు తుడుచుకోలేదు, అరవలేదు. కొడుకుని పిలవలేదు.

"నా సెయ్యి మీట మీదుంది," అంది. "నీ సేతులెక్కడున్నాయో నువ్వు సూసుకో."

గౌరీశ్వరి ఆ వాక్యం కొట్టింది. రాజులమ్మ ఎలా అందో అలాగే. ‘నోరిప్పనేదు’ కూడా. అంతకన్నా నెమ్మదిగా ఆమె ఏ మాటా కొట్టలేదు, అంత తప్పు లేకుండానూ కొట్టలేదు.

*

దీపాల వేళకి మల్లేశ్వరరావు వచ్చాడు. గున్నమ్మ ఆయనకి బస్తా చూపించి, తను కుర్చీలో కూర్చుంది.

"మీటకి ఈవిడే," అంది గౌరీశ్వరి.

ప్లీడరు కనుబొమ్మలు ఎత్తి, టేపు మొదటికి తిప్పించాడు. చేతిలో ఎర్ర పెన్సిలు. ఈసారి మొత్తం వింటానన్నాడు. అరగంట సేపు ఆ గదిలో రాజులమ్మ ఒక్కతే మాట్లాడింది. మొదటి కాగితం తిప్పాడు. రెండోది. మూడోది. పెన్సిలు కాగితానికి తగల్లేదు. ఐదో కాగితం దగ్గర దాన్ని చెవి వెనక పెట్టేసుకున్నాడు.

"ఏం పిల్లవమ్మా నువ్వు!" అన్నాడు.

గౌరీశ్వరికి గొంతు దాకా సంతోషం వచ్చింది. కానీ ఆమె చూపు గుమ్మం మీద ఉంది. దుకాణం కట్టేసి జగ్గారావు అక్కడికి వచ్చి నిలబడ్డాడు. రిక్షా బయట సిద్ధంగా ఉంది.

టేపులో రసీదు చిరిగింది. బండి వచ్చింది. బండి వెళ్లిపోయింది.

ప్లీడరు చెయ్యెత్తాడు. గున్నమ్మ మీట ఆపింది.

"ఇది నిన్నటి కాగితంలో లేదే? మా గుమాస్తా సూర్యం రికార్డు చేసి తెచ్చాడు గాని, ఈ ముక్క నాతో చెప్పనేలేదు. సాక్షి ఉన్నాడన్నమాట! రసీదు చింపడం చూసినవాడు! ఎవరీ అటుకులాయన?"

గది నిండా అటుకుల బస్తాలు. ప్లీడరు తను కూర్చున్న బస్తా వైపు ఒకసారి చూశాడు. మెల్లిగా తలెత్తి గౌరీశ్వరి వైపు చూశాడు.

"నీకు తెలుసు కదూ? ఆ ఊరి పిల్లవి. ఎవరమ్మా?"

"టేపులో పేరు నేదు బాబూ," అంది గౌరీశ్వరి. "విన్నదే కొట్టేను."

గున్నమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొడుకు వైపు తిరగలేదు.

బయట రిక్షావాడు గంట కొట్టాడు. జగ్గారావు వెనక్కి తిరిగి, "ఉండు," అన్నాడు వాడితో. చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. గదిలోకి వచ్చి, బల్ల పక్కన, టేపు మిషను ముందు నేల మీదే కూర్చున్నాడు.

"ఖాళీ టేపుందా బాబూ?"

ప్లీడరు సంచీలోంచి కొత్తది తీసి ఎక్కించాడు. మాట పట్టే గొట్టాన్ని అతని ముందు పెట్టాడు. "ఆలోచించుకో జగ్గారావూ. రేపు లక్ష్మణుడు వస్తాడని బజార్లో అంటున్నారు. చెప్పాక ఇది చెరపడం నా వల్ల కాదు. నువ్వేం చెప్పినా మంగళవారం కోరాపుట్ వెళ్తుంది, ఆవిడకి మంచైనా చెడైనా."

జగ్గారావు ప్లీడరు వైపు చూడలేదు. మేనకోడలి చేతుల వైపు చూశాడు.

"నాను సెప్పిందే కొట్టాలి అమ్మీ. మావ గదాని ఒక మాట కలపొద్దు. ఒక మాట తియ్యొద్దు."

"అలాగే మావా."

ప్లీడరు రికార్డు మీట నొక్కాడు. పచ్చదీపం వెలిగింది. చక్రాలు తిరగడం మొదలైంది. జగ్గారావు ఇంకా నోరు విప్పలేదు. టేపు మీద అతని ఊపిరే ఎక్కుతోంది.